దక్షిణాన నాలుగడుగులు

ప్లీడరమ్మ ఆఫీసుకి వెళ్ళాలంటే జిరాక్సు షాపు పక్కనున్న ఇరుకు మెట్లు పదహారు ఎక్కాలి. ఎక్కితే ఒకటే గది. గోడ నుంచి గోడకి తాళ్ళు కట్టి, వాటికి బట్టలారేసుకునే క్లిప్పులతో దస్తావేజులు వేలాడేసి ఉంటాయి. పిన్ను కొడితే కాగితానికి చిల్లు పడుతుందట. ఎవరింటి కాగితానికీ తన చేత్తో చిల్లు పడకూడదని ఆవిడ పట్టుదల. మొదటిసారి వచ్చినవాళ్ళు ఇస్త్రీ షాపులోకి గానీ వచ్చామా అని గుమ్మంలోనే ఆగిపోతారు.

"లోపలికి రండి. ఉతికేది మిమ్మల్ని కాదు, కాగితాల్ని," అంటుంది ప్లీడరమ్మ.

నీళ్ళ డాక్టరు కూడా అలాగే ఆగిపోయింది, చంకలో తొమ్మిది నెలల పాపతో, భుజాన బరువైన సంచీతో. ఆమె డాక్టరేం కాదు. నీటి సరఫరా వాళ్ళ ల్యాబులో నీళ్ళు పరీక్షించే ఉద్యోగం. ఎవరింటికి వెళ్ళినా మంచినీళ్ళు ఇస్తే ముందు గ్లాసు వెలుగులోకి ఎత్తి చూస్తుందని ఆమె భర్త పెట్టిన పేరది. ఆయన బస్సు డిపోలో టైం టేబుళ్ళు రాస్తాడు. ఇంట్లో పాలు కాగడానికి కూడా టైం చెప్పే మనిషి.

వాళ్ళిద్దరూ ఒక ఇల్లు చూసుకున్నారు. బతుకులో మొదటి సొంతిల్లు. రెండు గదులు, వంటిల్లు, వెనకాల చిన్న వసారా. అన్నీ నేల మీదే, ఒక్క మెట్టు లేదు. ఉత్తరం గోడ అవతల బేకరీ ఉంది కాబట్టి ఆ గోడకి వీపు ఆనిస్తే ఎప్పుడూ గోరువెచ్చగా ఉంటుంది. నీళ్ళ డాక్టరు ఆ ఇంటిని పరీక్షించని తీరు లేదు. కుళాయి నీళ్ళు మూడు సీసాల్లో పట్టి ల్యాబుకి తీసుకెళ్ళింది. ప్రతి గదిలో గోళీ వదిలి నేల ఎటు వాలిందో చూసింది. గోడలకి అరచేయి ఆనించి చెమ్మ ఎక్కడెక్కడ ఉందో బొమ్మ గీసుకుంది. ఇంటికి దక్షిణాన, గోడకీ ప్రహరీకీ మధ్య, వీధి నుంచి వెనకదాకా నాలుగడుగుల ఖాళీ స్థలం ఉంది. వీధి వైపు గేటు, దానికి తుప్పు పట్టిన తాళం. ఆ స్థలాన్ని టేపుతో కొలిచి గ్రాఫు కాగితం మీద పాపకి ఇసకగుంట గీసింది. దాని పక్కన బుల్లి జారుడుబల్ల.

తొందర కూడా ఉంది. ఇప్పుడుంటున్నది రెండో అంతస్తు. మెట్లకి తలుపు లేదు. పాప ఈమధ్యే పాకడం మొదలెట్టింది, ప్రపంచంలో ఇంకే దిక్కూ లేనట్టు మెట్ల వైపే పాకుతుంది. అట్టపెట్టెలు అడ్డం పెట్టి నెట్టుకొస్తున్నారు. పైగా ఇంటాయన తన కూతురు వస్తోందనీ, నెలాఖరుకి ఖాళీ చేయమనీ చెప్పేశాడు.

కాబట్టి ఆమె వచ్చింది ఒక్క మాట కోసం. కాగితాలు చూసి "ఫరవాలేదు, కొనుక్కోండి" అని ప్లీడరమ్మ అంటే చాలు. సంచీలోంచి దస్తావేజులు తీసి బల్ల మీద పెట్టింది. ప్లీడరమ్మ వాటిని ముట్టుకోలేదు. మళ్ళీ ఆమె వైపే జరిపింది.

"చదువు."

"నేనా అండీ?"

"మరి? ఇల్లు కొనేది నువ్వా నేనా?"

"నాకు ఈ భాష తెలీదండీ."

"నాకు తెలుసు. నేను వింటాను. నీకు నోరుందిగా. పైకి చదువు. పాత కాగితం నుంచి మొదలుపెట్టు."

ఆవిడ పద్ధతే అంత. ఎంత చదువుకున్నవాళ్ళొచ్చినా తమ ఇంటి కాగితాలు తామే పైకి చదవాలి. ఆవిడ అరవై రెండేళ్ళ తలని కుర్చీకి ఆనించి, కళ్ళు మూసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని వింటుంది. నిద్రపోయిందని మోసపోయి ఓ కాంట్రాక్టరు రెండు పేజీలు తిప్పేశాడట ఒకసారి. "వెనక్కి రండి, బాబూ," అందట కళ్ళు తెరవకుండానే.

మొత్తం మూడు దస్తావేజులు. మొదటిది, ఒక పెద్ద స్థలాన్ని ముందిల్లు, వెనకిల్లు అని రెండుగా విడదీసినప్పటిది. రెండోది, ముందింటిని ఒక పెద్దాయన కొన్నప్పటిది. మూడోది, ఆ పెద్దాయన తన కొడుక్కి రాసిచ్చింది. ఆ కొడుకే ఇప్పుడు అమ్ముతున్నాడు. ఊళ్ళో కళ్ళజోళ్ళ షాపు ఉంది ఆయనకి. అందరూ కళ్ళజోళ్ళాయన అనే అంటారు.

నీళ్ళ డాక్టరు చదవడం మొదలుపెట్టింది. వాక్యం ఒక పేజీలో మొదలై మూడో పేజీలో ఆగుతోంది. చంకలో పాప మెలికలు తిరుగుతోంది. ఆ పిల్ల పగటిపూట నిద్రపోయే రకం కాదు. ఏ పాటకీ లొంగదు. నిద్ర పట్టిన టైమూ, లేచిన టైమూ వాళ్ళమ్మ నాలుగు నెలలుగా చార్టులో రాస్తోంది, ఆ చార్టు చూస్తే ఆమెకే నిద్ర పట్టదు. చదువుతూ చదువుతూ హద్దుల దగ్గరికొచ్చింది.

"తూర్పు: వీధి. పడమర: వెనకిల్లు. ఉత్తరం: బేకరీ గోడ. దక్షిణం: ముందింటివారూ వెనకింటివారూ ఉమ్మడిగా, ఎల్లకాలం, అడ్డు లేకుండా నడుచుటకు నాలుగడుగుల దారి."

ఆ నాలుగడుగుల ఖాళీ స్థలం ఆమెకి గుర్తుకి రాలేదు. ఎందుకంటే సరిగ్గా అప్పుడే పాప తల ఆమె భుజం మీద వాలిపోయింది. నోరు కొంచెం తెరుచుకుంది. నీళ్ళ డాక్టరు ఊపిరి బిగబట్టి టైం చూసుకుంది.

"పడుకుందా? నా దగ్గర చాలామంది పడుకుంటారు. వయసు తేడా అంతే. ఆపకు, చదువు," అంది ప్లీడరమ్మ.

అలా మూడు సాయంత్రాలు, రోజుకొక దస్తావేజు. ల్యాబు అయ్యాక పాపని తీసుకుని రావడం, చదవడం. రెండో రోజూ అంతే, సరిగ్గా హద్దుల దగ్గరే పాప నిద్రపోయింది. ఆ మాట భర్తతో చెబితే ఆయన నవ్వి, "రేప్పొద్దున స్కూల్లో పద్యం చెప్పమంటే హద్దులు చెబుతుంది," అన్నాడు.

మూడో రోజు నీళ్ళ డాక్టరు మనసు మనసులో లేదు. నెలాఖరుకి పదే రోజులున్నాయి. దస్తావేజు గబగబా చదివేస్తోంది. హద్దుల దగ్గరికి వచ్చింది. "తూర్పు వీధి, పడమర వెనకిల్లు, ఉత్తరం బేకరీ గోడ, మిగతాది మామూలే," అని పేజీ తిప్పబోయింది.

ప్లీడరమ్మ కళ్ళు తెరిచింది.

"మామూలే అని రాసుందా?"

"లేదండీ. మొదటి రెండిట్లో ఉన్నదే కదా అని…"

"ఉన్నదా, ఉందనుకున్నావా?"

నీళ్ళ డాక్టరు కిందికి చూసింది. కాగితం మీద ఇలా ఉంది: "దక్షిణం: ఈ ఇంటి ప్రహరీ గోడ."

కింద షాపులో జిరాక్సు మెషిను ఒక కాపీ తీసి ఆగింది. ఆమె మొహం వేడెక్కింది. మూడో సీసా కూడా మొదటి రెండిట్లాగే ఉంటుందిలే అని పరీక్షించకుండా రాసేసినవాణ్ణి ఆమె తన ల్యాబులో ఒక్క రోజు ఉండనివ్వదు. తను చేసిందీ అదే. ఇప్పుడు ఆ నాలుగడుగులు కళ్ళముందుకొచ్చాయి. గేటు, తుప్పు పట్టిన తాళం, గ్రాఫు కాగితం మీద ఇసకగుంట.

ప్లీడరమ్మ తిట్టలేదు. లేచి ఫ్లాస్కులోంచి టీ రెండు గ్లాసుల్లో పోసింది.

"నేను జూనియర్‌గా ఉన్నప్పుడు మా సీనియరు గారికి చూపు పోతూ వచ్చింది. పదకొండేళ్ళు ఆయనకి నేనే చదివి పెట్టాను. ఆయన ఇలాగే కళ్ళు మూసుకుని వినేవారు. ఒకరోజు, ఆకలేస్తోంది, ఇంటికెళ్ళాలి, ఒక లైను దాటేశాను. మామూలు లైనేగా అని. అందులో ఏముందో తెలుసా? మెట్లు పక్కింటివాళ్ళవని ఉంది. మేడ కొన్నవాళ్ళకి మేడ వచ్చింది, మెట్లు రాలేదు."

"అయ్యో. ఏం చేశారండీ వాళ్ళు?"

"ఏం చేస్తారు, నిచ్చెన వేసుకున్నారు. కర్ర నిచ్చెన. ఇప్పుడు ఇనపది వేయించుకున్నార్లే. నెలకోసారి ఆ వీధిలోంచి వెళ్ళి చూసొస్తాను." టీ ఊదుకుంది. "సీనియరు గారు నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే పోయేది. అప్పట్నించీ ఎవరిల్లు వాళ్ళే చదవాలని నియమం పెట్టాను. పరాయి ఇల్లయితే కన్ను జారుతుంది."

"సొంతిల్లయినా జారింది కదండీ."

"అందుకేగా నేను ఎదురుగా కూర్చున్నది."

తర్వాత సంగతి సూటిగా చెప్పింది. ఆ నాలుగడుగులు ముందింటివాళ్ళ ఒక్కళ్ళవీ కావు. వెనకింటివాళ్ళకి అందులోంచి నడిచే హక్కుంది. మూడో దస్తావేజు ఎవరో అజాగ్రత్తగా రాసి ఆ మాట పోగొట్టారు. వెనకింటివాళ్ళు నిలదీస్తే పాత కాగితం గెలుస్తుంది. నిలదీయకపోతే ఇసకగుంట ఇసకగుంటే. వాళ్ళు ఇంతవరకూ నిలదీయలేదు.

"దారి సంగతి మళ్ళీ రాయిద్దామంటే కళ్ళజోళ్ళాయన సంతకం కావాలి. ఆయనకి కోపమొస్తే ఇల్లు ఇంకొకళ్ళకి అమ్ముకుంటాడు. రాయొద్దంటే మీరు ఎల్లుండే రిజిస్ట్రేషన్ పెట్టుకోవచ్చు. ఆ పని మాత్రం ఇంకెవరి చేతనైనా చేయించుకోవాలి. ఆ కాగితం మీద నేను సంతకం పెట్టను."

"నా చోట మీరుంటే ఏం చేస్తారండీ?"

"నేను అద్దెకుంటాను, తల్లీ. ముప్పై ఏళ్ళుగా. ఆ బాధ నాకు లేదు."

ఇంటికెళ్ళి చెబితే భర్త అన్నం ముందు చెయ్యి ఆపేశాడు. "కందకి లేని దురద కత్తిపీటకెందుకు? వెనకింటివాళ్ళే నోరు మూసుకున్నారు. మనకెందుకు? ఆయన కాదంటే పదో రోజున ఈ పిల్లనేసుకుని ఎక్కడికెళ్తాం?"

ఆ మాటకి సాక్ష్యం చెప్పినట్టు పాప అట్టపెట్టెని తలతో నెట్టుకుంటూ మెట్ల వైపు పాకింది. ఆయన లేచి వెళ్ళి ఎత్తుకొచ్చాడు. చెడ్డవాడు కాదు. భయపడ్డాడు. ఆమె మాత్రం భయపడలేదా?

"కందకి దురదుందో లేదో ఎవరైనా అడిగారా?" అంది ఆమె.

మర్నాడు మధ్యాహ్నం సెలవు పెట్టి వెనకింటికి వెళ్ళింది. గేటుకి తాళం కాబట్టి బేకరీ వెనక మురుగుకాలవ పక్క సందులోంచే వెళ్ళాలి. అడుగున్నర వెడల్పు. పాపని ముందు పట్టుకుని, తను పక్కవాటుగా తిరిగి, గోడకి వీపు రాసుకుంటూ నడిచింది. అలవాటు కొద్దీ మధ్యలో కాలవ నీళ్ళ రంగు కూడా చూసింది.

వెనకింట్లో యాభై దాటిన ఒక ఆవిడ నేల మీద కూర్చుని దిండు కుడుతోంది. గదినిండా దిండ్లే. కప్పుదాకా పేర్చి ఉన్నాయి. ఆవిడ పాపని చూడగానే సూది తీసి జాగ్రత్తగా కొప్పులో గుచ్చుకుని చేతులు చాపింది. పాప ఏడవకుండా వెళ్ళింది. దిండ్ల గుట్ట మీద కూర్చోబెడితే మహారాణిలా కూర్చుంది.

"ముందిల్లు కొనేది మీరేనటగా అమ్మా? బేకరీ వాళ్ళు చెప్పారు. బంగారం లాంటి ఇల్లు."

"మీరు దిండ్లేనా అండీ కుట్టేది?"

"పరుపులు కుట్టేదాన్ని. ముప్పై ఏళ్ళు పరుపులే. పరుపులామె అంటే తెలీనివాళ్ళు లేరు. రెండేళ్ళ కిందట ఆ గేటుకి తాళం పడిందిగా, ఈ సందులో పరుపు పట్టదు. మడత పెట్టి లాగితే లోపల దూది ఉండలు కడుతుంది. దిండయితే చంకలో పెట్టుకుని పోవచ్చు." నవ్వింది. "ఇప్పుడు కూడా పరుపులామె అనే పిలుస్తారు. నాకే సిగ్గేస్తుంది."

"తాళం వేస్తే మీరు ఏమీ అనలేదా?"

"ఏమంటాను తల్లీ? ఈయన తండ్రి, పెద్దాయన, మంచితనం కొద్దీ నడవనిచ్చాడు. కొడుకు వద్దన్నాడు. వాళ్ళ స్థలం, వాళ్ళ తాళం. అయినా పసిపిల్ల ఉన్న ఇల్లు, కిటికీ పక్కన మనుషులు తిరక్కుండా ఉంటేనే మీకూ నయం."

నీళ్ళ డాక్టరు లేచింది. ఎల్లకాలం, అడ్డు లేకుండా అని రెండు సాయంత్రాలు తన నోటితో చదివిన కాగితం ఈ ఆవిడ ఎప్పుడూ కళ్ళారా చూసి ఉండదు. తన హక్కుని ఎవరిదో దయ అనుకుని, అది అయిపోయిందని సర్దుకుపోయింది. పాపని ఎత్తుకుని, మళ్ళీ వస్తానని చెప్పి, వచ్చిన సందులోంచే పక్కవాటుగా వెళ్ళింది.

ఆ మర్నాటి సాయంత్రం పదహారు మెట్లెక్కి, కూర్చోకుండానే అంది.

"రాయండి."

"ఏం రాయను?"

"దక్షిణం."

"ఇల్లు పోవచ్చు."

"తెలుసండీ."

"మీ ఆయనతో చెప్పావా?"

"చెప్పాను. నిన్నంతా మాట్లాడలేదు. పొద్దున చూస్తే గ్రాఫు కాగితం మీద ఇసకగుంట వసారాలోకి జరిపి ఉంది. కొంచెం చిన్నదైంది. జారుడుబల్ల తీసేశాడు."

ప్లీడరమ్మ పెన్ను తీసి ఒక లైను రాసుకుంది. తర్వాత కళ్ళజోళ్ళాయనకి ఫోను చేసింది.

ఆయన వచ్చాడు. నలభై ఏడేళ్ళ మనిషి, కొత్త ఫ్రేములో. విషయం వినగానే కుర్చీ వెనక్కి నెట్టాడు. "అదేంటండీ, అంతా అయ్యాక ఇప్పుడా? నాకు ఇంకో పార్టీ కూడా ఉంది. వాళ్ళు రేపు రమ్మంటే రేపొస్తారు."

"రానివ్వండి. వాళ్ళ చేతా ఇవే చదివిస్తాను."

"బెదిరిస్తున్నారా?"

"చదవమంటున్నాను. ముందు మీరు చదవండి. ఇదిగో, రెండోది. ఇది మా సీనియరు గారు రాసింది. మీ నాన్నగారు ఆ కుర్చీలోనే కూర్చున్నారు, చదివి వినిపించింది నేనే. అందులో మాత్రం ఏ లైనూ దాటలేదు."

ఆయన విసుగ్గా అందుకున్నాడు. తన షాపులో రోజూ జనం చేత అక్షరాలు చదివించే మనిషి, తనే చదవాల్సి వచ్చేసరికి తడబడ్డాడు. తూర్పు అయింది, పడమర అయింది, ఉత్తరం అయింది. "దక్షిణం: ముందింటివారూ వెనకింటివారూ ఉమ్మడిగా, ఎల్లకాలం…" అక్కడ ఆగాడు. కింద తండ్రి సంతకం. వంకరగా, చివర ఒక గీత.

"సైకిలు పోయిందండీ. అందుకే తాళం వేశాను," అన్నాడు.

"దొరికిందా?"

"లేదు."

"తాళం వేసినా దొరకలేదన్నమాట."

ఆయన నవ్వలేదు. "మూడోది రాయించేటప్పటికి నాన్న మంచం మీదున్నాడు. ఎవరో రాశారు, సంతకం పెట్టాం. ఎవరూ చదవలేదు." లేచాడు. "ఆలోచించుకుని చెప్తాను." మెట్లు దిగుతూ మధ్యలో ఆగాడు, మళ్ళీ దిగాడు.

నాలుగు రోజులు ఏ కబురూ లేదు. ఇల్లు కట్టి చూడు అన్నారు గానీ కొని చూడు అనలేదు ఎందుకో, అది అంతకంటే కష్టం. నీళ్ళ డాక్టరు ల్యాబులో ఒక సీసాకి రెండు చీటీలు అంటించింది. భర్త సాయంత్రాలు సైకిలు మీద అద్దె ఇళ్ళు చూసొస్తున్నాడు. అన్నీ పై అంతస్తులే. "పరుపులామెకి దిండ్ల ఆర్డరు ఇద్దామా? మెట్ల నిండా పరుద్దాం," అన్నాడొకసారి. ఆమె నవ్వబోయి ఏడ్చింది. ఆయన పాపని ఎత్తుకుని కిటికీ దగ్గరికెళ్ళాడు.

అయిదో రోజు ప్లీడరమ్మ దగ్గర్నించి పిలుపు. వెళ్ళేసరికి గదిలో ఎవరూ లేరు. ఆవిడ కుర్చీలో కళ్ళు మూసుకుని ఉంది. తాళ్ళ మీద కాగితాలు ఫ్యాను గాలికి ఊగుతున్నాయి. వాటి మధ్య, వాళ్ళ దస్తావేజుల పక్కనే, క్లిప్పుకి ఒక తుప్పు పట్టిన తాళంచెవి వేలాడుతోంది.

"పొద్దున్నే వచ్చి ఇచ్చి వెళ్ళాడు. వాళ్ళ నాన్న ఆ దారెంట పరుపు ఒక కొస పట్టుకుని వీధిదాకా సాయం వెళ్ళేవాట్ట. చిన్నప్పుడు చూశాట్ట. ఎల్లుండి రిజిస్ట్రేషన్," అంది ప్లీడరమ్మ. తర్వాత ఒక కన్ను తెరిచి, "కొత్తది నేను రాశాను. కూర్చో. చదువు," అంది.

నెలాఖరుకి ఒక రోజు ముందు సామాను కొత్తింటికి చేరింది. వెనకింటావిడ దారి హక్కు కాగితం ఆవిడ చేతికే వచ్చింది. ప్లీడరమ్మ ఆవిడ చేత కూడా పైకి చదివించింది. ఎల్లకాలం అనే మాట దగ్గర ఆవిడ వెనక్కి వెళ్ళి రెండుసార్లు చదువుకుంది.

కొత్త చోటు కదా, ఆ మధ్యాహ్నం పాపకి నిద్ర పట్టలేదు. భర్త ఎత్తుకుని తిప్పాడు, ఈల వేశాడు, బస్సుల టైములు చెప్పాడు. చివరికి నీళ్ళ డాక్టరు తీసుకుని, బేకరీ గోడకి వీపు ఆనించి నేల మీద కూర్చుంది. వీపు వెచ్చబడింది.

"తూర్పు: వీధి. పడమర: పరుపులామె ఇల్లు. ఉత్తరం: బేకరీ గోడ."

దక్షిణం కిటికీ ఒక్కసారి చీకటైంది. చారల గుడ్డ పరుపు ఒకటి, నిండైనది, కిటికీకి అడ్డంగా మెల్లగా జరుగుతోంది. ముందు కొస ఎవరు పట్టుకున్నారో ఆమెకి తెలుసు. వెనక కొస పట్టుకున్న ప్లీడరమ్మ గొంతు వినబడింది.

"కాస్త పైకెత్తమ్మా, గేటుకి రాసుకుంటోంది. దారి వెడల్పు కొలిచి పోదామని వస్తే నా చేత చాకిరీ చేయిస్తున్నావు."

"మీరే కదండీ పట్టుకుంటానన్నారు."

"అన్నాను. బరువని చెప్పొద్దూ?"

భర్త సాయానికి బయటికి పరుగెత్తాడు. పరుపు దాటిపోయింది, కిటికీలోంచి వెలుతురు మళ్ళీ నేల మీద పడింది. నీళ్ళ డాక్టరు కిందికి చూసింది. పాప అప్పటికే నిద్రపోయింది, నోరు కొంచెం తెరుచుకుని.

అయినా ఆమె ఆ చివరి లైను దాటెయ్యలేదు. మెల్లగా, ఒక్కొక్క మాటే, మొత్తం చెప్పింది.